బుధవారం ట్యాబ్ ఎందుకు మూసుకుపోతోంది

కంప్యూటరులో మా చెల్లెలు కనిపించే ట్యాబ్ ఆ వారం కూడా మధ్యలోనే మూసుకుపోయింది. నేను పాఠంలో సగానికి వచ్చి పేజీ తిప్పుతున్నాను. తలెత్తి చూసేసరికి తెర మీద చెల్లెలు లేదు, ఆమె కూర్చునే ఆకుపచ్చ కుర్చీ లేదు. తెల్లటి ఖాళీ పేజీ, దాని మధ్యలో వెతుకుడు పెట్టె మాత్రం ఉన్నాయి.

"ఏమయ్యా, మళ్ళీ పోయింది," అన్నాను కౌంటరు వైపు తిరిగి.

"అయ్యో, పోయిందా పిన్నీ?" అన్నాడు నెట్ షాపాయన, లేవకుండానే.

అతన్ని అందరూ కళ్ళజోడు అంటారు. ఒకటి కళ్ళకి, ఇంకొకటి నెత్తి మీద, ఎప్పుడూ రెండు జోళ్ళుంటాయి. అతని కౌంటరు మీద ఉన్న కంప్యూటరు మిగతావాటికి పెద్దన్నలాంటిది. ఎవరు ఎంతసేపు కూర్చున్నారో, ఎవరి తెర మీద ఏముందో అక్కడినుంచే చూస్తాడు. టైమైపోయిన వాళ్ళని లేపడానికి పక్కకి వెళ్ళి చెప్పడం కూడా ఉండదు, కూర్చున్నచోటినుంచే కట్టేస్తాడు. ఈ సంగతి నాకు మొదటినుంచీ తెలుసు. తెలిసినా దాని గురించి ఆలోచించలేదు.

నేను వాళ్ళ పక్కనే ఉన్న టైలరు షాపులో కాజాలు కుడతాను, హుక్కులు వేస్తాను. మా ఆయన పోయాక చాలా ఏళ్ళు మా చెల్లెలి దగ్గరే ఉన్నాను. ఆమె బడిపంతులమ్మ. నేను ఆమె ఇంటికి చేరేనాటికి నాకు అక్షరం ముక్క రాదు. బస్సు మీద బోర్డు, మందుసీసా మీద చీటీ, కరెంటు బిల్లు, ఏదైనా సరే, "చెల్లీ, ఇదేమిటో చూడవే," అని ఆమె ముందు పెట్టేదాన్ని. కొన్నాళ్ళు చదివిపెట్టింది. తరవాత ఒకరోజు సాయంత్రం బడినుంచి వచ్చి చెప్పులు కూడా విప్పకుండా నన్ను బల్ల ముందు కూర్చోబెట్టింది.

"నా దగ్గర ఏటా అరవైమంది పిల్లలు నేర్చుకుని పోతున్నారు. ఇంట్లో నువ్వొక్కదానివే మిగిలిపోయావు. చెయ్యి ఇటివ్వు," అంది.

"ఈ వయసులో నాకెందుకే?"

"వయసు నీకు, అక్షరాలకి కాదు. పలక పట్టుకో."

నాలాంటి మొద్దు ఆమెకి జన్మలో తగిలి ఉండదు. ఎన్నిసార్లు చెప్పినా 'ఖ' కి తోక తగిలించేదాన్ని. ఆమె తల ప్రాణం తోకకొచ్చేది. అయినా వదల్లేదు. మూడో తరగతి వాచకంలో 'పోస్టుమాన్ గొడుగు' అనే పాఠం ఉండేది. గాలికి ఎగిరిపోయిన గొడుగు ఇంటింటికీ తిరిగి చివరికి ఉత్తరాల సంచిలోనే వచ్చి పడుతుంది. అది తడబడకుండా మొదటినుంచి చివరిదాకా చదివిన రోజున మా చెల్లెలు కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టింది. బడిలో ఏ పిల్లకీ కొట్టనంత గట్టిగా కొట్టింది.

ఆ తరవాత ఆమెకి మరుపు మొదలైంది. తను రిటైరైపోయిన బడి గేటు దగ్గరికి వెళ్ళి గంట కోసం నిలబడేది. స్టవ్ వెలిగించి మరిచిపోయేది. ఒకసారి ఇల్లు తెలియక పక్కవీధిలో ఎవరి గుమ్మంలోనో కూర్చుంటే నేను ఊరంతా తిరిగాను. ఆమె కొడుకు, మంచివాడే, నన్ను పెద్దమ్మా పెద్దమ్మా అంటూ చుట్టూ తిరుగుతాడు, "ఇక నీ వల్ల కాదు పెద్దమ్మా," అని ఆమెని తన ఊళ్ళో, ఇలాంటివాళ్ళని చూసుకునే చోట చేర్చాడు. బస్సులో పగలంతా పట్టే దూరం. నాకేమో అదే సమయానికి మోకాలికి ఆపరేషన్ అయింది. అంతసేపు కాలు ముడుచుకుని కూర్చోకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు.

అందుకని బుధవారం మధ్యాహ్నం ఈ ఏర్పాటు. అక్కడి నర్సమ్మ మా చెల్లెల్ని పలక లాంటి పెద్ద ఫోను ముందు కూర్చోబెడుతుంది. లింకు కళ్ళజోడు ఫోనుకి వస్తుంది. అతను నా కంప్యూటరులో ట్యాబ్ తెరిచి, "రండి పిన్నీ, మీ పంతులమ్మగారు వచ్చేశారు," అంటాడు. వారమంతా నేను ఆ మాట కోసం బతికేదాన్ని. నా చెల్లెలు నన్ను చూడాలి, అక్కా అని పిలవాలి, నాకు కావలసింది అంతే.

మొదటి బుధవారం ఆమె ఏమీ మాట్లాడలేదు. నావైపు చూస్తూ కూర్చుంది. ఏం మాట్లాడినా ఊ అనలేదు. ఇంటికి వెళ్ళి ఆలోచించాను. మా చెల్లెలికి అన్నిటికంటే ఇష్టమైనదేమిటి? నేను చదువుతుంటే వినడం. మరుసటి వారం వాచకం పట్టుకెళ్ళాను.

నా చదువు ఎలాంటిదంటే, వరస కింద వేలు పెట్టుకోవాలి, కళ్ళు ఎత్తకూడదు. ఎత్తానా, ఎక్కడున్నానో తప్పిపోతాను. చెవులకి ఆ హెడ్‌ఫోను ఉంటే నా గొంతు నాకే వింతగా వినిపించి నాలుక మడతపడుతుంది. అందుకని చదివేటప్పుడు దాన్ని మెడలోకి దించుకుంటాను. ఆమె వింటోంది కదా, చాలు అనుకునేదాన్ని. గొడుగు రెండో ఇంటికి వెళ్ళేసరికో మూడో ఇంటికి వెళ్ళేసరికో ట్యాబ్ మూసుకుపోయేది.

"ఇతర ట్యాబులు ఎక్కువైతే ఇలా అవుతుంది పిన్నీ," అన్నాడు కళ్ళజోడు మొదటిసారి. "కంప్యూటరు మీద బరువెక్కువై ఒకదాన్ని వదిలేస్తుంది."

నేను లేచి షాపులో ఉన్న ప్రతివాళ్ళ దగ్గరికీ వెళ్ళాను. "బాబూ, మా చెల్లెలితో మాట్లాడుతున్నాను, మీరు తెరిచినవి కొన్ని మూసేద్దురూ," అని అడిగాను. ఒకాయన పాపం రెండు మూశాడు. పరీక్ష దరఖాస్తు నింపుతున్న అమ్మాయి మాత్రం, "మామ్మా, నాది మూస్తే నా ఉద్యోగం పోతుంది, మీ చెల్లి రాదు," అంది. షాపంతా నవ్వింది. కళ్ళజోడు వచ్చి, ఒక్కో కంప్యూటరు బరువు దానిదేనని చెప్పి నన్ను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు.

మరుసటి వారం నా కంప్యూటరులో ఆ ఒక్క ట్యాబే ఉంచాం. మూసుకుపోయింది. పాత చెత్త తుడవాలన్నాడు, తుడిచాం. బ్రౌజరుకి కొత్త వెర్షన్ వెయ్యాలన్నాడు, వేశాం. మూసుకుపోతూనే ఉంది. అతను చెప్పేదాని మీద నమ్మకం కలగక, సహాయం అని రాసి ఉన్న పేజీ నేనే తెరిపించుకుని వేలు పెట్టుకుని చదివాను. 'ట్యాబులు వాటంతటవే మూసుకుపోతుంటే ముందుగా పొడిగింపులను ఆపి చూడండి.' పొడిగింపు అంటే ఏమిటని అడిగితే, చొక్కాకి అదనంగా కుట్టిన జేబులాంటిదన్నాడు. అన్ని జేబులూ విప్పించాను. అదే పేజీలో, మూసుకుపోయిన ట్యాబ్ మళ్ళీ తెరవడానికి మూడు మీటలు కలిపి నొక్కాలని కూడా ఉంది. ఆ వారం పోగానే నేనే నొక్కాను. ట్యాబ్ తిరిగొచ్చింది గాని దాంట్లో 'సంభాషణ ముగిసింది' అని మాత్రం ఉంది. అయినా నా తెలివికి నేనే మురిసిపోయాను.

కళ్ళజోడు మొహం వెలవెలపోయింది. "ఇదెప్పుడు నేర్చుకున్నారు పిన్నీ?"

"నీ పేజీలోనే ఉంది కదయ్యా. నువ్వు చదవలేదా?"

టైలరు మాస్టరుకి చెప్తే ఆయన కత్తెర ఆపకుండానే అన్నాడు. "కుట్టు తెగుతుంటే మేం ముందు సూది మారుస్తాం. తరవాత దారం. మిషన్ కూడా మార్చాక ఇంకా తెగుతుంటే, తొక్కేవాడి కాలు చూస్తాం."

"అంటే తప్పు నాదంటావా?"

"నేనెక్కడన్నాను తల్లీ. కాజాలు కానివ్వు, సాయంత్రం వాళ్ళు చొక్కాలకి వస్తారు."

నేను కంప్యూటరు మార్పించాను. గోడపక్క దానిలో కూర్చున్నాను, గుమ్మం పక్క దానిలో కూర్చున్నాను. వారానికొకటి మార్చి చూశాను. చదవడం ఒక్కటే మానలేదు. అది మానాలని నాకెలా తడుతుంది?

ఒక బుధవారం వెళ్ళేసరికి కౌంటరులో కళ్ళజోడు భార్య కూర్చుని ఉంది. "పన్ను పీకించుకోడానికి వెళ్ళారు అత్తయ్యా. రాత్రంతా మూలుగుతూనే ఉన్నారు. లింకు నా ఫోనుకి పంపించారు లెండి," అంటూ ట్యాబ్ తెరిచి వెళ్ళి తన పని చూసుకుంది.

చెల్లెలు కనపడింది. తల దువ్వి ఉంది, నీలం చీర. "చెల్లీ, ఇవాళైనా పూర్తి చేద్దామే," అని హెడ్‌ఫోను దించుకుని మొదలుపెట్టాను. గొడుగు రెండో ఇల్లు దాటింది. మూడో ఇల్లు దాటింది. నాకు లోపల సంతోషం పొంగుతోంది, ఓరకంటికి తెర ఇంకా తెల్లబడలేదు, ట్యాబ్ నిలబడింది. గొడుగు సంచిలో పడింది. పాఠం అయిపోయింది. చప్పట్లు కొడుతుందేమోనని తలెత్తాను.

మా చెల్లెలు కుర్చీలో లేదు. కుర్చీ వెనకాల, దాని వీపు రెండు చేతులతో పట్టుకుని నిలబడి ఉంది. కొంగు నోట్లో కుక్కుకుంది. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. నర్సమ్మ ఆమె భుజాలు పట్టుకుని ఏదో చెప్తోంది. నేను గబగబా హెడ్‌ఫోను పెట్టుకున్నాను.

"పంపించెయ్యమ్మా ఆమెని. నీకు దణ్ణం పెడతా. పంపించెయ్," అంటోంది మా చెల్లెలు.

"చెల్లీ, ఏమైందే? నేనేనే, అక్కని."

ఆ మాటకి ఆమె ఇంకా వెనక్కి జరిగింది. "చూశావా, మళ్ళీ అబద్ధం. మా అక్కకి నడుం దాకా జడ. ఈ ముసలామె మా అక్కట."

"మాట వినవే..."

"మా అక్కకి చదువు రాదు. కాగితమిస్తే తలకిందులుగా పట్టుకుంటుంది. ఈమె చూడు, గడగడా చదివేస్తోంది. వారం వారం వస్తోంది. మా అక్కని ఏం చేశారు? దానికి బోర్డు చదవడం కూడా రాదమ్మా. నేను లేకుండా ఏ బస్సెక్కుతుంది? ఎక్కడుందో, ఎవర్ని అడుగుతోందో..."

ఏడుస్తోంది. నాకోసం నన్ను చూసి ఏడుస్తోంది.

అప్పుడు నర్సమ్మ ఫోను వైపు తిరిగి నన్ను చూసి ఉలిక్కిపడింది. "అమ్మా, మీరింకా ఉన్నారా? నేను మెసేజి పెట్టి ఎంతసేపైంది. షాపాయన కట్టెయ్యలేదా?"

ఎవరు కట్టెయ్యాలో, ఎక్కడినుంచి కట్టెయ్యాలో, ఇన్ని వారాలు ఏం జరిగిందో ఒక్కసారిగా తెలిసింది. తెర మీద మా చెల్లెలు కుర్చీ చాటున ఇంకా కిందికి ఒదుగుతోంది, నా చూపు తగలకుండా. ట్యాబ్ చివర ఉన్న చిన్న గుర్తు మీదికి బాణం తీసుకెళ్ళాను. ఆ వారం దాన్ని నేనే మూశాను.

మర్నాడు కళ్ళజోడు బుగ్గ వాచిపోయి, పత్తి పెట్టుకుని షాపుకొచ్చాడు. నర్సమ్మ చెప్పేసినట్టుంది. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు.

"పిన్నీ..."

"ఎప్పటినుంచయ్యా?"

"మీరు పుస్తకం తెచ్చిన రోజునుంచే. మొదట్లో పంతులమ్మగారు ఊరికే బెదిరేవారట. తరవాత అన్నం కూడా తినడం లేదని నర్సమ్మ చెప్పింది. ఎక్కువైతే మెసేజి పెడతాను, మీ దగ్గర ఆపెయ్యండి అంది. మీకు చెప్పడానికి నాకు నోరు రాలేదు."

"మరి నాచేత అవన్నీ ఎందుకు చేయించావు? చెత్త తుడిపించావు, జేబులు విప్పించావు."

అతను బుగ్గ పట్టుకుని నేలచూపులు చూశాడు. "మీరు వెళ్ళేటప్పుడు నవ్వుతూ వెళ్ళేవారు. వచ్చే వారం బాగుపడుతుంది అనేవారు. అది చాలనుకున్నాను."

తిడదామనే వెళ్ళాను. తిట్టలేకపోయాను. "పన్ను నెప్పి తగ్గిందా?" అని అడిగి వచ్చేశాను.

ఆ వారం కాజాలు వంకరపోయాయి. మాస్టరు విప్పి తనే కుట్టుకున్నాడు. ఇంటి దగ్గర వాచకం బల్ల మీద ఉంది, దాన్ని ముట్టుకోబుద్ధి కాలేదు. నా చెల్లెలు వెనక్కి నడుచుకుంటూ వెళ్ళిపోయింది. బల్ల ముందు నన్ను కూర్చోబెట్టిన సాయంత్రం కూడా దాటి, ఇంకా వెనక్కి. అక్కడ ఆమె ఎరిగిన అక్క ఒకతె ఉంది, జడ ఉన్నది, అక్షరం రానిది. ఆ అక్కని లేకుండా చేసింది ఆమే. ఎంత ఓపికపట్టి, ఎన్ని సాయంత్రాలు గొంతు చించుకుని చేసింది. ఇప్పుడు ఆ అక్క కోసం బెంగపెట్టుకుని అన్నం మానేసింది.

ఇక వెళ్ళకూడదనుకున్నాను. నేను కనపడకపోతే ఆమెకి భయం ఉండదు కదా. అదే ఆమె కొడుకుతో ఫోనులో అన్నాను. వాడు, "నన్ను కూడా ఎవరో కాంపౌండరు అనుకుంటోంది పెద్దమ్మా. రోజూ మాత్రలిస్తాను కదా. కాని నీ గురించి మాత్రం అడుగుతూనే ఉంటుంది. అక్క వచ్చిందా అంటుంది," అన్నాడు.

అది విన్నాక కూర్చోలేకపోయాను.

బుధవారం మధ్యాహ్నం షాపుకి వెళ్ళాను. పుస్తకం తీసుకెళ్ళలేదు. సంచిలో నా మోకాలి మందుసీసా వేసుకున్నాను.

కళ్ళజోడు నన్ను చూసి, "తెరవమంటారా?" అన్నాడు మెల్లిగా.

"తెరువు. కాని ముందు నన్ను సర్దుకోనివ్వు. ఆ కెమెరా కన్ను ఎక్కడుందో చూపించు."

తెర పైన బొట్టంత ఉంది. సీసాని దానికి దగ్గరగా పట్టుకున్నాను, చీటీ తప్ప ఇంకేమీ కనపడకుండా. పక్కన చిన్న గడిలో నేను పంపే బొమ్మ ఎలా ఉందో చూసుకుంటూ ముందుకీ వెనక్కీ జరిపాను. నా చెంప, నా తెల్లజుట్టు, చివరికి నా వేలు కూడా తప్పించాను. అప్పుడు హెడ్‌ఫోను చెవులకి పెట్టుకున్నాను.

చెల్లెలు వచ్చింది. కుర్చీలో కూర్చోకుండా పక్కన నిలబడింది. బెరుగ్గా తెరవైపు చూసింది. అక్కడ ముసలామె లేదు.

"చెల్లీ," అన్నాను. "ఈ సీసా మీద ఏం రాశారో చూడవే. నాకు తెలియడం లేదు."

ఆమె తల కొంచెం పక్కకి వంచింది. ఎన్ని ఏళ్ళు చూశానో ఆ వంపు.

"అక్కా?"

"ఊఁ."

"ఎక్కడున్నావే? ఇన్నాళ్ళూ ఎక్కడికి పోయావు?"

"ఇక్కడే ఉన్నానే. ముందు ఇది చదివిపెట్టు, మందు వేసుకోవాలి."

చెల్లెలు కుర్చీలో కూర్చుంది. ముందుకి వంగింది. మొహం తెరంతా నిండింది. ఎంత చిక్కిపోయింది. చూపుడువేలు గాలిలో పెట్టి, బడిలో చదివినట్టు విడివిడిగా చదివింది. "రోజుకి. రెండుసార్లు. భోజనం. తరవాత. బాగా కుదిపి వాడాలి. విన్నావా? కుదిపి."

"విన్నానే."

"మళ్ళీ చెప్పు, చూద్దాం."

"రోజుకి రెండుసార్లు. కుదిపి."

"భోజనం తరవాత అని మరిచిపోయావు. నీకు ఎన్నిసార్లు చెప్పాలే అక్కా." విసుక్కుంది. ఆ విసుగులో ఆమె మొహం తేటపడింది. వెనక నర్సమ్మ కళ్ళు ఒత్తుకోవడం కనపడింది. కళ్ళజోడు కౌంటరు వెనక నిలబడి ఉన్నాడు, చేతులు రెండూ వెనక్కి కట్టుకుని.

చెల్లెలు వెనక్కి ఒకసారి చూసి, గొంతు తగ్గించింది. "అక్కా, ఒక మాట. ఇక్కడికి ఎవరో ముసలామె వచ్చేది. నీ చోట్లో కూర్చుని తనే నువ్వని చెప్పేది. పుస్తకం చదువుతుంది కూడాను."

"అవునా."

"నేను ఊరుకోలేదు. గట్టిగా అరిచి తరిమేశాను. మళ్ళీ రాదు."

"మంచి పని చేశావు," అన్నాను.

"ఏడుస్తున్నావా ఏమిటే?"

"లేదే. జలుబు."

"నీకు అక్షరాలు నేర్పాలక్కా. ఇలా ఎన్నాళ్ళని నన్ను అడుగుతావు? నేను లేని రోజు ఏం చేస్తావు?"

"ఇప్పుడెందుకులే. నువ్వున్నావుగా. ఇంకోసారి చదవవే, మొదటినుంచి."

ఆమె మళ్ళీ వేలు పెట్టింది. రోజుకి. రెండుసార్లు. ట్యాబ్ మూసుకుపోలేదు. పైకెత్తిన చెయ్యి భుజం దాకా పీకుతోంది, సీసా వణుకుతోంది. రెండో చేత్తో మోచెయ్యి కింద ఆనించుకున్నాను. దించితే నా మొహం కనపడుతుంది.